అత్తయ్య తాగే పచ్చరసం సంగతి డాక్టర్‌కి చెప్పేదెలా?

గోదావరి ఒడ్డున ఉన్న ఒక పట్టణం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఉత్తరంలోని విషయం క్లుప్తంగా ఇది.

ఆవిడ వయసు 39. భర్త, ఎనిమిదో తరగతి చదివే కూతురు, అత్తగారు, తను. ఇంట్లో మొత్తం నలుగురు. అత్తగారికి 63 ఏళ్లు. చిన్నతనంలో వచ్చిన కీళ్లవాత జ్వరం గుండెలోని మిట్రల్ కవాటాన్ని పాడుచేసింది. నాలుగేళ్ల క్రితం ఆపరేషన్ చేసి దాని స్థానంలో కృత్రిమ కవాటం (మెకానికల్ వాల్వ్) పెట్టారు. అప్పటి నుంచి రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారు. ఏ రోజు ఒకటి, ఏ రోజు ముప్పావు అన్నది వంటింటి క్యాలెండర్ మీద రాసి పెట్టుకుని మాత్ర విరిచి ఇచ్చేది ఈ కోడలే. నెలనెలా ఐఎన్ఆర్ పరీక్షకు తీసుకెళ్లేదీ ఈవిడే. రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే అంకె అది; మరీ తగ్గితే గడ్డకట్టే భయం, మరీ పెరిగితే రక్తస్రావం భయం.

భర్త పనిచేసే షోరూమ్ మూతపడింది. ఏడాది పాటు ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక ప్రకృతి వైద్య శిబిరానికి వెళ్లొచ్చి, మేడ మీద ట్రేలలో గోధుమగడ్డి పెంచడం మొదలుపెట్టారు. ఇప్పుడు పొద్దున్నే చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు సీసాల్లో రసం వేస్తున్నారు. మనిషి మళ్లీ మామూలయ్యారు. ఇంట్లో వాళ్లకూ రసం తప్పదు. గుప్పెడు గోధుమగడ్డి, కట్ట పాలకూర, కొంచెం కొత్తిమీర, నాలుగు రెబ్బల కరివేపాకు, నిమ్మరసం. అత్తగారికి పెద్ద గ్లాసు. "మా అమ్మని చూడండి, గుండె ఆపరేషన్ అయ్యి కూడా మేడ మెట్లు ఎలా ఎక్కుతోందో" అని వచ్చినవాళ్లందరికీ చూపిస్తారట.

మూడు నెలలుగా అత్తగారి ఐఎన్ఆర్ పడిపోతోంది. ఎప్పుడూ 2.8, 3 దగ్గర ఉండేది 1.9కి, ఆ తర్వాత 1.7కి వచ్చింది. డాక్టర్ మాత్ర మోతాదు ఒకసారి పెంచారు, మళ్లీ పెంచారు. "ఆకుకూరలు ఎక్కువ తింటున్నారా అమ్మా?" అని అడిగితే అత్తగారు "లేదు బాబూ, ఎప్పటిలాగే" అన్నారు. పక్కనే కూర్చున్న కోడలు నోరు మెదపలేదు. ఇంటికొచ్చి, ఆపరేషన్ అప్పుడు ఇచ్చిన చిన్న పుస్తకం తిరగేస్తే పాలకూర పేరు కనబడి గుండె జారిపోయిందట. భర్తకు చెబితే మళ్లీ మూల కూర్చుంటారేమోనని భయం. అత్తగారికి చెబితే "నా కొడుకు బాగుపడటం నీకు ఇష్టం లేదు" అంటారని భయం. "ఇంట్లో వాళ్లకు రసం చేసేది నేనే కాబట్టి, రేపటి నుంచి ఎవరికీ చెప్పకుండా అత్తయ్య గ్లాసులో పాలకూర మానేసి, రంగు కోసం కాస్త పుదీనా వేసి ఇచ్చేయనా?" అని అడుగుతున్నారు.

అమ్మా, ముందు మీ ఆఖరి ప్రశ్నకే జవాబు చెబుతాను. ఆ పని చేయవద్దు. మీ ఉద్దేశం మంచిదే, కానీ ఇప్పుడున్న పరిస్థితిలో అది ప్రమాదం. ఎందుకో కొంచెం ఓపిగ్గా వినండి.

అత్తయ్యగారు వేసుకునే మాత్ర, అది వార్ఫరిన్ అయినా ఎసినోకొమరాల్ అయినా, విటమిన్ కె కి ఎదురుగా పనిచేస్తుంది. మన కాలేయం రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు తయారు చేయాలంటే విటమిన్ కె కావాలి. మాత్ర ఆ పనిని నెమ్మదింపజేస్తుంది. ముదురు ఆకుపచ్చ ఆకుల్లో విటమిన్ కె బాగా ఉంటుంది. 100 గ్రాముల పచ్చి పాలకూరలో దాదాపు 480 మైక్రోగ్రాములు ఉంటుంది. మనిషికి రోజుకు 100 మైక్రోగ్రాముల లోపే చాలు. కట్ట పాలకూర పప్పులో వేస్తే నలుగురికీ తలా కాస్త వస్తుంది. అదే కట్టను మిక్సీ పట్టి ఒకరి గ్లాసులో పోస్తే, పిప్పిలో కొంత పోయినా, మిగిలిందంతా ఒక్క మనిషికే చేరుతుంది. అది కూడా ప్రతిరోజూ. కొత్తిమీరలోనూ విటమిన్ కె తక్కువేమీ కాదు.

రసం మొదలైంది, ఐఎన్ఆర్ పడింది, డాక్టర్ మాత్ర పెంచారు. అంటే ఈ రోజు ఆవిడ వేసుకుంటున్న మోతాదు రసం తాగే మనిషికి లెక్క కట్టిన మోతాదు. ఆ సంగతి డాక్టర్‌కి తెలియదు, అంతే. రేపు మీరు గుట్టుగా పాలకూర తీసేస్తే పెరిగిన మాత్ర అలాగే ఉంటుంది, దానికి ఎదురు నిలిచేది పోతుంది. కొద్ది రోజుల్లోనే ఐఎన్ఆర్ 5, 6 దాటిపోవచ్చు. చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, తగిలింది గుర్తులేకుండా ఒంటి మీద నీలం మచ్చలు. జారిపడి తలకు దెబ్బ తగిలితే మెదడులో రక్తస్రావం. అప్పుడు కూడా కారణం ఎవరికీ అంతుపట్టదు, ఎందుకంటే రసం తీసేసిన సంగతి మీకొక్కరికే తెలుసు.

అలాగని ఊరుకోవడానికీ లేదు. మిట్రల్ స్థానంలో మెకానికల్ వాల్వ్ ఉన్నవాళ్లకు సాధారణంగా ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. 1.7 అంటే వాల్వ్ మీద రక్తం గడ్డ కట్టే అవకాశం ఉన్నట్టే. ఆ గడ్డ కదిలి మెదడుకు వెళితే పక్షవాతం, కదలకుండా అక్కడే ఉంటే వాల్వ్ బిగుసుకుపోవడం. అందుకని వచ్చే నెల పరీక్ష దాకా ఆగవద్దు. ఈ జవాబు చదివిన రోజే ఆ డాక్టర్ ఆసుపత్రికి ఫోన్ చేయండి. "మూడు నెలల నుంచి రోజూ ఇంత పాలకూర, ఇంత గోధుమగడ్డి రసం తాగుతున్నారు, మొన్న చెప్పడం మరిచాం" అనండి చాలు. వాళ్లు చెప్పేదాకా రసమూ మార్చవద్దు, మాత్రా మార్చవద్దు.

మీరు ఉత్తరంలో ఇంకో మాట రాశారు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక అత్తయ్యగారి వాల్వ్ చప్పుడు గోడ గడియారంలా టిక్ టిక్‌మని వినిపిస్తుందని. ఆ చప్పుడు మీకు బాగా అలవాటు కాబట్టి అడుగుతున్నాను: ఈ మధ్య అది మందగించిందా? మూసుకుపోయినట్టు వినిపిస్తోందా? అలా ఉంటే, లేదా కొత్తగా ఆయాసం వస్తే, మూతి వంకర పోతే, మాట తడబడితే, ఒక చెయ్యో కాలో బలహీనపడితే ఫోన్లు వద్దు, ఉత్తరాలు వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇక మనుషుల సంగతి.

అత్తయ్యగారు డాక్టర్‌కి అబద్ధం చెప్పారని మీ ఉత్తరంలో కొంచెం కోపం కనిపించింది. నాకలా అనిపించలేదు. ఆవిడ దృష్టిలో ఆకుకూర అంటే కంచంలో పడే పప్పు, వేపుడు. పొద్దున పరగడుపున కొడుకు చేతుల మీదుగా తాగేది మందు. డాక్టర్ కూర గురించి అడిగారు, ఆవిడ కూర గురించే చెప్పారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది కషాయం, లేహ్యం, రసం, పొడి గురించి డాక్టర్ దగ్గర ఎత్తరు. చెబితే తిడతారని కొందరు, అది చెప్పాల్సిన విషయమే కాదని ఇంకొందరు. మీరు నోరు మెదపలేదంటే అదీ అర్థమవుతుంది. అత్తగారు జవాబు చెప్పాక కోడలు పక్కనుంచి కాదనడం ఎంత కష్టమో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే తెలుసు.

రసం వల్ల ఆవిడకు మేలు జరిగిందా అన్నది మీ ఆయనకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. కాబట్టి దాన్ని నిజాయితీగా చూద్దాం. హిమోగ్లోబిన్ 10.2 నుంచి 11.4కి పెరిగిందని ఆయన అందరికీ రిపోర్టు చూపిస్తున్నారన్నారు. అదే ఉత్తరంలో రెండు పేజీల ముందు, డాక్టర్ ఐరన్ మాత్రలు రాశారని కూడా ఉంది. పేరు మాత్రం రసానికి వచ్చింది. "గోధుమగడ్డి రసం పచ్చని రక్తం, ఆకుపచ్చ పదార్థం హిమోగ్లోబిన్‌గా మారుతుంది" అని శిబిరంలో చెప్పి ఉంటారు. రెండు అణువుల ఆకారంలో పోలిక ఉన్న మాట నిజమే. ఆకులోని దాని నడుమ మెగ్నీషియం ఉంటుంది, రక్తంలోని దాని నడుమ ఇనుము ఉంటుంది. మన పేగుల్లో ఒకటి ఇంకొకటిగా మారే ఏర్పాటేమీ లేదు. ఇక ఒక కిలో గడ్డి 23 కిలోల కూరగాయలతో సమానమన్న లెక్క 1930లలో అమెరికాలో చార్లెస్ ష్నాబెల్ అనే వ్యవసాయ రసాయన నిపుణుడు గోధుమగడ్డిని ప్రచారం చేసిన కాలం నుంచి చేతులు మారుతూ వస్తోంది. ఇప్పటి పోషకాల పట్టికలు చూస్తే ఆ మాట నిలబడదు. ఒక చిన్న గ్లాసు గోధుమగడ్డి రసంలో ఉండే పోషకాలు మామూలు ఆకుకూరలో ఉండేవే.

పరిశోధనలు అసలే లేవని అనను. 2002లో ఇజ్రాయెల్‌లో పెద్దపేగు పుండ్ల జబ్బు ఉన్న 23 మంది మీద చేసిన చిన్న అధ్యయనంలో రోజూ గోధుమగడ్డి రసం తాగినవాళ్లకు కొంత ఉపశమనం కనిపించింది. 2004లో చండీగఢ్ పీజీఐ వైద్యులు తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తలోపం) ఉన్న పిల్లలకు రోజూ 100 మిల్లీలీటర్లు ఇచ్చి చూస్తే, సగం మందికి రక్తం ఎక్కించాల్సిన అవసరం తగ్గింది. తర్వాత వేరే వైద్యులు చూసినప్పుడు ఆ ఫలితం రాలేదు. ఇవన్నీ పదుల మందితో చేసిన పరీక్షలు. ఆసక్తి కలిగిస్తాయి, అంతవరకే. మీ అత్తయ్యగారు మెట్లెక్కుతున్నారంటే దానికి ఆపరేషన్ బాగా జరగడం, ఐరన్ అందడం, రోజూ ట్రేలకు నీళ్లు పోయడానికి మేడ ఎక్కడం కారణాలు కావచ్చు. కొడుకు మళ్లీ నవ్వుతూ తిరగడం కూడా. ఆ తల్లికి అదేం చిన్న బలం కాదు.

డాక్టర్‌కి చెప్పాక మీ ముందు మూడు దారులు ఉంటాయి. మొదటిది, రసం కొనసాగించడం. వినడానికి వింతగా ఉండవచ్చు గానీ ఇది సాధ్యమే. ఈ మాత్ర వాడేవాళ్లు ఆకుకూరలు పూర్తిగా మానేయాలని లేదు. అసలు తినని వాళ్లలోనే ఐఎన్ఆర్ ఎక్కువ ఊగిసలాడుతుంది. కావలసింది రోజూ ఒకే కొలత. చిక్కు కూడా అక్కడే ఉంది. మీ ఇంట్లో కట్ట పాలకూర అంటే ఒక రోజు గుప్పెడు, ఇంకో రోజు చేటెడు. ఊరెళితే రసం ఉండదు. వర్షాకాలంలో ఆకు దొరకదు. ఆ కొలత నిలకడగా ఉంచగలరా అని మీరే ఆలోచించుకోవాలి. నాకైతే కష్టమనిపిస్తోంది. ఉంచాలంటే పాలకూరను తూకం వేసి ఇవ్వడం, కొన్నాళ్లు వారం వారం ఐఎన్ఆర్ చూపించుకోవడం తప్పవు.

రెండోది, డాక్టర్ పర్యవేక్షణలో రసం తగ్గిస్తూ మానేసి, మాత్రను కూడా దానికి తగ్గట్టు పాత మోతాదుకు తీసుకురావడం. కొన్ని వారాలు పరీక్షలు ఎక్కువవుతాయి, ఖర్చూ తిరుగుడూ ఉంటాయి. ఆ తర్వాత మూడు నెలల కిందటి నిలకడ తిరిగి వచ్చే అవకాశం బాగా ఉంది. మూడోది, పొద్దుటి గ్లాసు ఉంచి లోపలిది మార్చడం. పాలకూర, గోధుమగడ్డి, కొత్తిమీర బదులు కీరా, నిమ్మరసం, పల్చటి మజ్జిగ లాంటివి. కొడుకు ఇచ్చే గ్లాసు తల్లికి అందుతుంది, విటమిన్ కె మాత్రం తక్కువే. అయితే ఇది కూడా డాక్టర్‌కి చెప్పి, మాత్ర సర్దుకుంటూ చేయాలి. మీరు అనుకున్న పుదీనా ఉపాయానికీ దీనికీ తేడా ఒక్కటే: ఇది అందరికీ తెలిసి జరుగుతుంది.

ఎవరో ఒకరు "ఈ మాత్ర బదులు కొత్తరకం మాత్రలు వచ్చాయి, వాటికి ఆకుకూరల గొడవ లేదు" అంటారు. ఉన్నాయి. మెకానికల్ వాల్వ్ ఉన్నవాళ్లకు అవి ఇవ్వరు. ఆ మాట పట్టుకుని మందుల షాపుకు వెళ్లవద్దు. ఇంకొకటి, ఈ మధ్య ఏవైనా కొత్త మందులు, యాంటీబయాటిక్స్, నొప్పి మాత్రలు వాడారేమో కూడా డాక్టర్‌కి చెప్పండి. ఐఎన్ఆర్‌ని కదిలించేవి చాలా ఉంటాయి. నెలలు సరిపోయాయి కాబట్టి రసం మీద అనుమానం బలంగా ఉంది. తేల్చాల్సింది డాక్టరే.

మీ ఆయనకు ఎలా చెప్పాలి? ఫోన్ చేయడానికి ఆయన అనుమతి అవసరం లేదు, అది ముందే అయిపోవాలి. ఆ తర్వాత, కస్టమర్లకు రసం వేసొచ్చి స్నానం చేసి కూర్చున్నాక, అత్తయ్యగారు పక్కన లేనప్పుడు చెప్పండి. మీ రసం మీ అమ్మకు హాని చేస్తోందని మొదలుపెడితే ఆయనకు ఆ ఒక్క మాటే వినిపిస్తుంది. దానికన్నా ఐఎన్ఆర్ రిపోర్టులు నాలుగూ వరుసగా ముందు పెట్టి, క్యాలెండర్‌లో రసం మొదలైన రోజు చూపించండి. తారీఖులు ఆయనే కలుపుకుంటారు. "డాక్టర్ పూర్తి సంగతి తెలియకుండా మాత్ర పెంచుతున్నారు, ఆకులు ఎంత వేస్తామో లెక్క మీకే తెలుసు, ఈసారి మీరు రావాలి" అనండి. ఈ నాలుగేళ్లలో ఆయన ఆ ఆసుపత్రి గుమ్మం తొక్కింది చాలా తక్కువని మీరే రాశారు. ఆయనే వెళ్లి ఏ ఆకు ఎంతో డాక్టర్‌కి చెబితే, తల్లి ఆరోగ్యం చూసుకుంటున్న కొడుకుగానే బయటికి వస్తారు. అత్తయ్యగారికి కూడా మీ నోటితో చెప్పాల్సిన పని ఉండదు, డాక్టరో కొడుకో చెబుతారు.

ఆయన కోప్పడవచ్చు. ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఆ మౌనం చూస్తే మీకు పాత రోజులు గుర్తొచ్చి టెన్షన్ రావడం సహజం. అయినా ఆయనకు తిరిగి వచ్చిన ధైర్యం తల్లి గ్లాసు మీద ఆధారపడిందని నేను అనుకోను. పొద్దున్నే లేచి చేసే పని, చేతికొచ్చే డబ్బు, నలుగురు పలకరించడం ఆయన్ని నిలబెట్టాయి. అవి ఎక్కడికీ పోవు. అలా కాకుండా నెలల తరబడి మళ్లీ ముభావంగా మారిపోతే, దానికీ డాక్టర్లు ఉన్నారు. ఆ బరువు మీ ఒక్కరిదీ కాదు, అత్తయ్యగారి ఐఎన్ఆర్‌ది అసలే కాదు.

మీ అమ్మాయి ముక్కు మూసుకుని తాగి, వాంతి చేసుకుంటోందన్నారు. ఆ పిల్లకు మానిపించేయండి. పప్పు, కూర తింటున్న పిల్లకు ఆ గ్లాసులో వచ్చే అదనపు లాభం ఏమీ లేదు.

వ్యాపారం ఆపాల్సిన అవసరం నాకు కనబడలేదు. పద్ధతి మాత్రం మార్చాలి. మీ ఇంట్లో జరిగిందే ఏ అపార్ట్‌మెంట్‌లో జరుగుతోందో ఆయనకు తెలియదు. కొత్తవాళ్లు చేరినప్పుడల్లా అడిగి రాసుకోవాలి: రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, కిడ్నీలో రాళ్లు వచ్చాయా, కిడ్నీ జబ్బు ఉందా, గర్భిణులా, కీమో లాంటి చికిత్సలో ఉన్నారా. అవునన్నవాళ్లను ముందు డాక్టర్‌ని అడిగి రమ్మనాలి. పచ్చి పాలకూరలో ఆక్సలేట్ (కిడ్నీలో రాళ్లకు కారణమయ్యే పదార్థం) చాలా ఎక్కువ. ఉడికించి నీళ్లు వార్చేస్తే కొంత పోతుంది, పచ్చిరసంలో చాలావరకు కడుపులోకే వెళుతుంది. కేరళలో బిలింబి అనే పుల్లటి కాయల రసం మోతాదు మించి తాగినవాళ్లకు ఆక్సలేట్ వల్లే కిడ్నీలు దెబ్బతిన్నట్టు వైద్యులు నమోదు చేశారు. అందుకే అమ్మే సీసాలో పాలకూర వద్దు, గోధుమగడ్డి వరకే ఉంచుకోమనండి.

దాన్ని పెంచడంలోనూ జాగ్రత్తలు ఉన్నాయి. విత్తనాల దుకాణంలో దొరికే గోధుమలకు చాలాసార్లు విత్తన శుద్ధి మందు పట్టించి ఉంటుంది, అవి తినడానికి పనికిరావు. కిరాణా కొట్టులో తినడానికి అమ్మే గోధుమలే రాత్రి నానబెట్టి, మొలకెత్తాక ట్రేలో పలచగా పరవాలి. వత్తుగా పోస్తే గాలి ఆడక అడుగున బూజు పడుతుంది. మొలక వేళ్ల చుట్టూ ఉండే తెల్లటి సన్నని నూగు బూజు కాదు, నీళ్లు చల్లితే అణిగిపోతుంది. మొదళ్ల దగ్గర సాలెగూడులా అల్లుకుని ముక్కిన వాసన వస్తే అది బూజే, ఆ ట్రే మొత్తం పారేయాలి. వారం పది రోజుల్లో జానెడు ఎత్తు వస్తుంది, కణుపు కట్టకముందే కత్తిరించాలి. అయితే రసం తీసి సీసాల్లో పోసి మన ఎండల్లో తిప్పడం మంచిది కాదు. పచ్చిరసంలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. రసం బదులు కోసిన గడ్డినో, పెరిగిన ట్రేనో ఇంటింటికీ ఇస్తే ఎవరికి వారు అప్పటికప్పుడు తీసుకుని తాగుతారు. ఆయనకు తెల్లవారుజామున మిక్సీ పనీ తగ్గుతుంది.

అమ్మకానికి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. కరపత్రంలో షుగర్, బీపీ, క్యాన్సర్ తగ్గిస్తుందని వేసుకున్నారన్నారు, అది వెంటనే తీసేయించండి. అలాంటి ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నేరంగా చూస్తుంది.

వచ్చే నెల నుంచి సొరకాయ రసం కూడా మొదలుపెడతారన్నారు కదా, అది వద్దనే నా సలహా. చేదుగా ఉన్న సొరకాయ రసం తాగి 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చనిపోయారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణుల కమిటీని వేసింది. రసం తీసే ముందు ముక్క కొరికి చూడాలి, కొంచెం చేదు తగిలినా కాయ పారేయాలి, వేరే రసాలతో కలపకూడదు, తాగాక వాంతులో కడుపునొప్పో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి అని ఆ కమిటీ చెప్పింది. ఇంట్లో ఒక కాయకైతే ఇది కుదురుతుంది. తెల్లవారుజామున బుట్టెడు కాయలు కోసి రసం తీసేటప్పుడు ప్రతి కాయనూ కొరికి చూసే తీరిక ఎవరికి ఉంటుంది?